నోట్లో నువ్వుగింజ

డిసెంబరు 21

స్టేషన్‌లో పొద్దస్తమానం రైళ్ళ మైకులో వేలమందికి వినపడేలా మాట్లాడే మనిషికి, ఎవరికీ వినపడకుండా మాట్లాడుకునే చోటు ఒకటుండాలి. నాకు ఇదే. నిరుడు ఆయనకి ఎవరో ఇచ్చిన డైరీ, నాలుగు పేజీలు రాసి వదిలేశారు. పాత తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను.

రేపటి నుంచి పిల్లలకి చలికాలం సెలవులు. నేనూ సెలవు పెట్టాను. ఆయన గూడ్సుబండి నడుపుతారు. ఈ పొగమంచు రోజుల్లో డ్రైవర్లు సెలవడిగితే పైవాళ్ళు కొట్టినంత పని చేస్తారు కాబట్టి ఆయన ఇంట్లో ఉండరు. మాకు పెళ్ళయి ఆరునెలలు. పిల్లలిద్దరితో ఇన్నిరోజులు నేనొక్కదాన్నే ఉండటం ఇదే మొదలు. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని, వంట మాడితే నన్నేమీ అనకూడదని ఆయనకి ముందే చెప్పేశాను.

సాయంత్రం పిల్లల అమ్మమ్మగారు ఫోను చేశారు. పోయిన ఆవిడకి, ఆయన మొదటి భార్యకి తల్లి. ఆవిణ్ణి నేనేమని పిలవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. 'అండి'తో నెట్టుకొస్తున్నాను.

"ఏమ్మా, సెలవుల చివర్లో వస్తాను. పిల్లలు నీ దగ్గర కుదురుకుంటే సంతోషం. చిన్నాడికి బెంగలేదు, వాడు ఎక్కడైనా బతికేస్తాడు. పెద్దదాని సంగతే. అది తల్లి పోయినప్పట్నుంచీ నోరు తెరిచి ఏదీ అడగదు. నీ దగ్గర ఇరుకుగా ఉంటే నాతో తీసుకుపోతాను, మా వీధిలోనే మంచి బడి ఉంది. నిన్ను తప్పుపట్టి అనడం లేదు."

"అలాగేనండి" అన్నాను.

నాకేం భయం లేదు. పిల్లకి ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ ఉంటుంది. అందులో బాధపడేందుకేముంది. నాకేం భయం లేదు.

డిసెంబరు 22

పొద్దున్నే కిటికీలోంచి చూస్తే వీధి లేదు. ఎదురింటి గేటు కూడా లేదు. పాలప్యాకెట్లు వేసే అతని గంట మాత్రం వినిపించింది.

చిన్నాడిని ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు. ఆరేళ్ళు. వాడికి తల్లి సరిగ్గా గుర్తులేదు. పెళ్ళయిన మర్నాడే నా ఉద్యోగం ఏమిటో కనుక్కుని 'మైకమ్మ' అని పేరు పెట్టేశాడు. "మైకమ్మా, నువ్వు ఇలా రా. మైకమ్మా, నువ్వు ఆ పక్కకి జరుగు." వీడితో నాకు పేచీ లేదు.

వాళ్ళక్కకి పదకొండో ఏడు. ఈ అమ్మాయిని నేను మనసులో జడ్జిగారు అనుకుంటాను. మాట తక్కువ, చూపు ఎక్కువ. పక్క తనే సర్దుకుంటుంది, కంచం తనే కడుక్కుంటుంది. నేనేం పెట్టినా "థాంక్సండి" అంటుంది. నన్ను 'మీరు' అంటుంది. ఆరునెలల్లో ఒక్కసారి కూడా నన్ను ఏ వరసపెట్టీ పిలవలేదు. నాతో పనిబడితే తలుపు మీద కొడుతుంది, లేదా దగ్గుతుంది. మరీ అవసరమైతే "ఒక విషయమండీ" అని మొదలుపెడుతుంది. నేను వంటింట్లో ఉండి, తను ముందుగదిలో ఉంటే తమ్ముణ్ణి పంపిస్తుంది.

మొదలుపెట్టింది నేనే అనుకోండి. (ఎవర్ని అంటున్నాను 'అనుకోండి' అని? అదీ అలవాటే.) పెళ్ళికి ముందు ఆయన పిల్లల్ని స్టేషన్ పక్కన హోటల్‌కి తీసుకొచ్చారు. నాకు అరచేతులు చెమటలు. నోరు తెరిస్తే డ్యూటీలో వచ్చే మాటే వచ్చింది. "రండి, దయచేసి కూర్చోండి" అన్నాను, ఆ పదేళ్ళ పిల్లతో. తను నన్ను ఎగాదిగా చూసి, "మీరూ కూర్చోండి" అంది. ఆ కూర్చోవడం కూర్చోవడం ఇద్దరం ఇప్పటిదాకా లేవలేదు.

బుడంకాయ నోట్లో నువ్వుగింజ నానదు. మా ఇంట్లో ఏం జరిగినా వీధిచివరి మందులషాపతనికి గంటలో తెలిసిపోతుంది. వాళ్ళక్క నోట్లో మాత్రం ఒకే ఒక్క 'నువ్వు' ఆరునెలల నుంచీ నానుతోంది.

అయినా 'మీరు' అనడంలో తప్పేముంది. నేను ఆయన్ని మీరు అనడం లేదా. అది ప్రేమ కాదా ఏమిటి.

డిసెంబరు 23

ఫ్రిజ్జు కొన్న షాపతను పాత అట్టపెట్టెలు ఇచ్చాడు. అడిగితే ఏమీ అనలేదు, పీడా వదిలిందనుకున్నట్టున్నాడు. వాటితో రైలు కట్టాం. నడవా పొడుగునా నాలుగు పెట్టెలు, ముందు ఇంజను. చక్రాలకి కంచం పెట్టి గీసి కోశాం. కత్తెర మొండిది, నా బొటనవేలు ఇప్పటికీ ఎర్రగానే ఉంది. బుడంకాయ వాళ్ళ నాన్న పాత టోపీ పెట్టుకుని ఇంజన్లో ఎక్కాడు. టోపీ వాడి ముక్కుదాకా వచ్చింది.

"మైకమ్మా, చెప్పు. నిజంది లాగా చెప్పు."

గొంతు సవరించుకుని చెప్పాను. "ప్రయాణికులకు గమనిక. పడకగది నుండి వంటగది వరకు వెళ్ళవలసిన బండి పొగమంచు కారణంగా ఆలస్యంగా నడుచుచున్నది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము." వాడు పడీపడీ నవ్వాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. ఇంటికి వచ్చినా ఇదే బతుకు.

జడ్జిగారు కిటికీ దగ్గర దుప్పటి కప్పుకుని పుస్తకం చదువుకుంటున్నారు. రమ్మంటే "పరవాలేదండి" అన్నారు. కాసేపటికి పుస్తకం మీంచే తీర్పు వచ్చింది.

"రైల్లో టాయిలెట్ లేదు."

"అట్టపెట్టెలో ఎలాగమ్మా" అన్నాను.

"అంతదూరం ప్రయాణంలో వాడు ఏం చేస్తాడు మరి" అని లేచి వచ్చి, చెప్పుల పెట్టె తెచ్చి ఆఖరి డబ్బాకి అతికించింది. దాని మీద 'బండి ఆగినప్పుడు వాడరాదు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. తరవాత వంటింటి గుమ్మానికి ప్లాట్‌ఫారం బోర్డు పెట్టింది. చీకటి పడేవరకూ నడవాలోనే ఉంది. వంటింటికి వెళ్ళాలంటే నేను కూడా టికెట్ చూపించాల్సి వచ్చింది.

"మీ టికెట్ చూపించండి" అంది. టికెట్ కలెక్టరు ఎవర్నైనా మీరు అనే అంటాడు కదా. దాన్ని లెక్కలో వేసుకోలేదు.

డిసెంబరు 24

రైలు మీద బుడంకాయ పాలు ఒలకబోశాడు. సర్వీసు రద్దు.

డిసెంబరు 26

ఉప్పూ మైదాపిండీ నీళ్ళూ కలిపి ముద్ద చేసి బొమ్మలు చేశాం. నీళ్ళు ఎక్కువ పోశాను, పిండి పోశాను, మళ్ళీ నీళ్ళు పోశాను. ఆఖరికి ఇంటిల్లిపాదికీ వారం రోజులకి సరిపడా ముద్ద తయారైంది. బుడంకాయ ఏనుగు చేశాడు. "తొండం ఏదిరా" అంటే "తిన్నా" అన్నాడు. ఆ తరవాత రెండు చెంబుల నీళ్ళు తాగాడు.

జడ్జిగారు మా ఇల్లు చేసింది. గోడలు, కిటికీ, లోపల మంచం. మనుషుల్ని కూడా చేసింది, వేలెడంత వాళ్ళు. నాన్న, తమ్ముడు, తను. నేను పొయ్యి పక్కన బొమ్మల్ని ఆరబెడుతూ లెక్కపెట్టాను. అడగలేదు. నాకేం పట్టింపు లేదు, పిండి అయిపోయి ఉంటుంది.

పిండి అయిపోలేదు. ఇంకా గిన్నెడు ఉంది.

డిసెంబరు 27

ఈరోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

చలికి బయటికి వెళ్ళే వీల్లేదు. జత తప్పిన మేజోళ్ళన్నీ ఒక సంచిలో ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ ఉండే సంచే. వాటితో బొమ్మలు చేద్దామన్నాను. చేతికి మేజోడు తొడిగి, కళ్ళకి గుండీలు కుట్టి, లోపలి నుంచి వేళ్ళతో నోరు ఆడించడం. జడ్జిగారి కుట్టు చూసి ఆశ్చర్యపోయాను. నా గుండీలు ఊగుతున్నాయి, తనవి అతుక్కుని ఉన్నాయి.

తను చేసింది ఒక ముసలమ్మ. బూడిదరంగు మేజోడు, నెత్తిన ఉన్ని ముడి, నుదుటి మీద నాలుగు ముడతలు. దాన్ని చేతికి తొడుక్కుని తను సోఫా వెనక్కి వెళ్ళి దాక్కుంది. ముసలమ్మ ఒక్కతే పైకి లేచింది.

"ఏమే" అంది ముసలమ్మ, నన్ను. "ఏమే మైకు పిల్లా, ఏంటే ఆ గొంతు? ఊరంతా నిద్రలేస్తోంది. మెల్లిగా మాట్లాడటం రాదా నీకు?"

నా చేతికి ఉన్న ఆకుపచ్చ మేజోడు కాసేపు నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"నువ్వు చేసిన సూప్‌లో ఉప్పు లేదే. ఉప్పంతా ఆ ఏనుగుకే పెట్టావా?"

బుడంకాయ కిందపడి దొర్లాడు. నేను కూడా నవ్వాను, కళ్ళలో నీళ్ళు వచ్చేలా. ముసలమ్మ ఆగలేదు. నా జడ బాగాలేదంది, నేను టీ చప్పుడు చేస్తూ తాగుతానంది, నేను బట్టలు ఉతికితే రంగులు కలిసిపోతాయంది. అన్నీ నిజాలే. ఆరునెలలుగా ఎంత చూస్తోందో ఈ పిల్ల. ప్రతి మాటకీ నువ్వు, నువ్వు, నువ్వు. ఇంతగా తిట్లు తిని ఇంత సంతోషపడింది నేనే అయ్యుంటాను.

కాసేపటికి ముసలమ్మ గొంతు తగ్గించింది. "సరే గాని, నేను ఊరెళ్ళిపోతున్నానే. మళ్ళీ రాను. నువ్వేం చేస్తావ్?"

ఆట మాంచి ఊపులో ఉంది. నా మేజోడు నిటారుగా నిలబడి స్టేషన్ గొంతుతో చెప్పింది. "మీ ప్రయాణం సుఖవంతం కావాలని కోరుకుంటున్నాము. ధన్యవాదములు."

బుడంకాయకి అది అన్నిటికన్నా నచ్చింది. ముసలమ్మ మాత్రం సోఫా వెనక్కి దిగిపోయింది. మళ్ళీ లేవలేదు. జడ్జిగారు బయటికి వచ్చి, మేజోడు మడిచి సంచిలో పెట్టి, "మీకు టీ పెట్టనా అండీ" అంది.

వేలికి సూది గుచ్చుకుందేమో. చూపించమంటే చూపించలేదు.

డిసెంబరు 28

వద్దండి. పరవాలేదండి. థాంక్సండి.

రోజంతా ఈ మూడే.

డిసెంబరు 30

సాయంత్రం కరెంటు పోయింది, హీటరు ఆరిపోయింది. భోజనాలబల్ల మీద ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పి డేరా చేశాం. కింద పరుపు వేసి పిల్లలిద్దర్నీ లోపలికి తోశాను. టార్చిలైటు ఇచ్చాను. నేను బయట కుర్చీలో కూర్చుని పళ్ళు టకటకలాడిస్తూ కరెంటాఫీసుకి ఫోను చేస్తున్నాను. వాళ్ళు ఎత్తితే కదా.

లోపల నుంచి దగ్గు వినిపించింది. నన్ను పిలిచే దగ్గు.

"బయట చలిగా ఉంటుంది. లోపలికి రండి."

బల్ల కింద ముగ్గురం, నా మోకాళ్ళు నా గడ్డం దగ్గర. బుడంకాయ చేతుల నీడతో కుక్క వేశాడు, తరవాత ఇంకో కుక్క వేశాడు. వాడికి కుక్క ఒక్కటే వచ్చు. అలా కుక్కలు వేస్తూనే నా ఒళ్ళో నిద్రపోయాడు.

"మైకులో తప్పు చెబితే ఏమవుతుంది?" అని అడిగింది అమ్మాయి.

ఒకసారి చెప్పానన్నాను. మూడో ప్లాట్‌ఫారం అనాల్సింది ఒకటి అన్నాను. జనమంతా మూటలతో, పిల్లలతో వంతెన ఎక్కి ఒకటో దానికి పరుగెత్తారు. నేను దిద్దుకుని మళ్ళీ చెబితే అందరూ వెనక్కి పరుగు. ఒక పెద్దాయన బండి వదిలేసి మరీ నా గదికి వచ్చి చేతికర్ర బల్లమీద కొట్టి అడిగాడు, "అమ్మాయ్, నా మోకాళ్ళ మీద నీకేం పగ" అని.

తను నవ్వింది. నా మాటకి, నా ఎదురుగా, ముసలమ్మ అడ్డం లేకుండా. ముందు పళ్ళ మధ్య చిన్న సందు ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది.

"మీరేం చేశారు?"

"ఏం చేస్తాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము అన్నాను."

ఇంకాసేపు నవ్వింది. తరవాత టార్చిలైటు ఆర్పి, వెలిగించి, మళ్ళీ ఆర్పింది.

"అమ్మమ్మ వచ్చేది నన్ను తీసుకెళ్ళడానికేనా? తమ్ముడు చెప్పాడు."

వీడికెవరు చెప్పారో. నేను ఫోనులో ఆయనతో చెబుతుంటే విని ఉంటాడు. నేను చాలా జాగ్రత్తగా, ఒక్కొక్క మాటా ఏరుకుని చెప్పాను. "అది పూర్తిగా నీ ఇష్టం. నీకు ఎక్కడ బాగుంటే అక్కడ ఉండొచ్చు. ఎవ్వరూ ఏమీ అనుకోరు."

"మీరు కూడానా?"

"నేను కూడా."

"సరేనండి" అంది చీకట్లో.

బాగానే చెప్పాను. పిల్ల మీద బరువు పెట్టకుండా చెప్పాను. స్టేషన్లో నా పై ఆఫీసరు విని ఉంటే మెచ్చుకునేవాడు. 

జనవరి 2

ఆయన ఫోను. ఎక్కడో సిగ్నలు దగ్గర బండి ఆగిందట, ముందు ఏమీ కనపడటం లేదట.

"దాన్ని ఉండమని అడిగావా?" అన్నారు.

"అడగడమేంటండీ. చిన్నపిల్ల. మొహమాటానికి ఉంటానంటే?"

"అది నాతో ఏమందో తెలుసా? వాళ్ళని అడిగితే మొహమాటానికి ఉండమంటారు నాన్నా, అంది. మీ ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నట్టున్నారే." ఆయన నవ్వుతూ పెట్టేశారు. ఆయనకేం, ఇంజన్లో కూర్చుని ఎన్నైనా చెబుతారు. 'వాళ్ళు' అట. నేనొక్కదాన్నే వాళ్ళు.

ఎల్లుండి అమ్మమ్మగారు వస్తారు. పిల్లల్ని గాలికి వదిలేశాననుకోకూడదు. అందుకని బుడంకాయకి మర్యాద నేర్పడం మొదలుపెట్టాను. "అమ్మమ్మ ఎదురుగా నన్ను నువ్వు అనకు. మీరు అనాలి. సరేనా?"

"ఎందుకు?"

"పెద్దవాళ్ళని అలాగే అంటారు."

వాడికి ఒక మాట ఎక్కితే దిగదు. మధ్యాహ్నానికల్లా కుర్చీని మీరు అన్నాడు. సబ్బుని మీరు అన్నాడు. స్నానాలగది తలుపు ఇరుక్కుపోతే "మీరు తెరుచుకోండి" అని బతిమాలాడు. పక్కింటి పిల్లి ప్రహరీ ఎక్కితే "మీకు చలి వెయ్యడం లేదా, లోపలికి దయచెయ్యండి" అన్నాడు. అది నిజంగానే వచ్చి పాలు తాగి పోయింది.

జడ్జిగారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది.

"వాడికి ఎందుకు నేర్పిస్తున్నారు?"

"అమ్మమ్మ ఎదురుగా బాగుంటుందని."

"నేను ఎప్పుడూ అలాగే అంటాను కదా."

"అందుకే నీ గురించి నాకు బెంగే లేదు" అన్నాను, మెచ్చుకోలుగానే.

తను లోపలికి వెళ్ళిపోయింది. ఈ పిల్లకి మెచ్చుకోలు కూడా పడదు.

జనవరి 3

దుప్పట్లు ఉతికాను. ఆరడం లేదు. రంగులు కలిసిపోయాయి.

జనవరి 4

అందరూ పడుకున్నాక రాస్తున్నాను. 

అమ్మమ్మగారు పొద్దున బండికి వచ్చారు. చిన్న మనిషి, పెద్ద సంచి. ఇల్లంతా తిరిగి చూశారు. నడవాలో మిగిలిన అట్టరైలు చూశారు, పొయ్యి పక్కన తొండం లేని ఏనుగుని చూశారు.  బుడంకాయ ఎదురెళ్ళి "మీరు బాగున్నారా అమ్మమ్మగారూ" అన్నాడు. ఆవిడ వాడి నుదురు పట్టుకుని చూశారు. జ్వరం లేదని నేను చెప్పాల్సి వచ్చింది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. నేను వేడిగా సూప్ పోసుకొస్తున్నాను. అప్పుడు అడిగారు ఆవిడ, పెద్దగా ఉపోద్ఘాతం లేకుండా.

"ఏమే, నాతో వచ్చేస్తావా? నీకిష్టమైతేనే. నీ మంచం అలాగే ఉంచాను, కిటికీ పక్కన."

అమ్మాయి పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. చెంచాతో సూప్ తిప్పుతోంది, తాగడం లేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. బుడంకాయ కూడా నోరు మూసుకుని ఉన్నాడు, అది వాడి జీవితంలో మొదటిసారి అయ్యుంటుంది. నాకు ఆ నిశ్శబ్దం భరించడం చేతకాలేదు. స్టేషన్‌లో నిశ్శబ్దంగా ఉంటే జనం కంగారు పడతారని, ఏదో ఒకటి చెబుతూ ఉండమని మాకు నేర్పుతారు. నేను చెప్పాను.

"నువ్వేమీ మొహమాటపడకు. అమ్మమ్మగారి దగ్గర నీకు బాగుంటుంది. ఇక్కడ మేం సర్దుకుంటాం. నీ బట్టలు ఇస్త్రీ చేసే ఉన్నాయి. తినగానే నేను సర్ది పెట్టేస్తాను."

చెంచా పళ్ళెంలో పడింది. సూప్ బల్లమీద చిందింది.

"నువ్వు ఊరుకో" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. ఎవర్నో అంటోందనుకుని వెనక్కి తిరిగి చూశాను కూడా.

"అమ్మమ్మ అడిగింది నన్ను. మధ్యలో నువ్వెందుకు చెబుతున్నావ్? నేను వెళ్తానన్నానా? నేను వెళ్తానని నీతో ఎప్పుడైనా చెప్పానా? నేనేం అడిగినా నీ ఇష్టం నీ ఇష్టం అంటావ్. వెళ్ళిపోతానంటే ప్రయాణం సుఖంగా సాగాలంటావ్. అప్పుడే బట్టలు కూడా ఇస్త్రీ చేసేశావ్. నేనంటే నీకు బెంగే లేదన్నావ్. తమ్ముడైతే ఉండాలి, నేను మాత్రం పోవాలి. అంతేనా?"

గొంతు బొంగురుపోయింది తనకి. ముక్కు ఎర్రబడింది. నేను సూప్ గిన్నె పట్టుకుని నిలబడ్డాను, ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఏమిటే ఆ మాటలు" అన్నారు అమ్మమ్మగారు. "పెద్దంతరం చిన్నంతరం లేదా? పెద్దవాళ్ళని పట్టుకుని నువ్వు నువ్వు అంటావేంటి?"

"అమ్మమ్మా, నువ్వు కూడా ఊరుకో."

"అక్కా" అన్నాడు బుడంకాయ గుసగుసగా, "మీరు ఊరుకోండి అనాలి."

అమ్మమ్మగారు మనవరాలిని చూశారు. నన్ను చూశారు. చాలాసేపు చూశారు. తరవాత కుర్చీలో వెనక్కి ఆనుకుని, చీర కొంగుతో ముఖం తుడుచుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. రెండూ కావచ్చు.

"వాళ్ళమ్మా ఇంతే" అన్నారు నాతో. "ఇంతంత కళ్ళు చేసుకుని నా మీదకి వచ్చేది. బయటివాళ్ళ దగ్గర మాత్రం ఎంత మర్యాదో, వీధి వీధంతా మెచ్చుకునేది. ఆ మర్యాద నాకు ఒక్కనాడు దక్కలేదు." సంచి కాలితో గోడవైపు జరిపారు. "నేను ఎల్లుండి బండికి వెళ్తానమ్మా. ఒక్కదాన్నే."

నాకు చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. నువ్వు పోతే ఈ ఇంట్లో నేనుండలేనని చెప్పాలి. నీ బట్టలు ఇస్త్రీ చేస్తూ ఏడ్చానని, అందుకే ఒక గౌను మాడిందని చెప్పాలి. ఇన్నాళ్ళూ మైకులో అంతమందికి చెప్పినదాన్ని, ఒక్క పిల్లకి చెప్పలేకపోయాను. వచ్చిన మాట వేరే.

"ఎక్కడికీ పోనక్కర్లేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, గరుగ్గా, పెద్దగా. "పోతానన్నా నేను పోనివ్వను. ఎవరి ఇష్టమూ లేదు ఇందులో. ముందు ఆ చిందించింది తుడు. తుడిచి తిను. చల్లారిపోతోంది."

తను నావైపు చూసింది. ఆరునెలల్లో నేను గొంతు పెంచడం ఇదే మొదలు. ముక్కు ఎగబీల్చి, గుడ్డ తెచ్చి బల్ల తుడిచింది. సరిగ్గా తుడవలేదు.

"ఆ మూల ఎవరు తుడుస్తారు?"

"తుడుస్తున్నా కదా, అప్పుడే తొందరేంటి నీకు" అంది.

తిన్నది. రెండుసార్లు పోయించుకుంది.

జనవరి 5

పొద్దున్నే మొదలు. పొడుగుచేతుల స్వెట్టరు ఎక్కడ పెట్టావంది. పెట్టిన చోటే చూడమన్నాను. అక్కడ లేదంది, నువ్వెప్పుడూ ఇంతే, తీసినచోట పెట్టవంది. అది వేసుకున్న కోటు కిందే ఉంది స్వెట్టరు. చూపిస్తే తప్పయిందని అనలేదు, ముందే చెప్పొచ్చుగా అంది. పొద్దుటి నుంచి ఇప్పటికి మూడు గొడవలు అయ్యాయి, ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు. అమ్మమ్మగారు కిటికీ దగ్గర ఎండపొడలో కూర్చుని, మా ఇద్దరి అరుపులూ వింటూ హాయిగా కునుకు తీస్తున్నారు.

ఇందాక ఆయన ఫోను చేశారు. పొగమంచు విడిచిందట, రేపు రాత్రికి ఇంట్లో ఉంటారట.

"ఏమైంది? ఏమంది?" అని ఆత్రంగా అడిగారు.

"నన్ను తిట్టింది" అన్నాను.

"తిట్టిందా?"

"అందరిముందూ. నువ్వు ఊరుకో అంది. పొద్దున్నుంచీ అంటూనే ఉంది."

 వెనక ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఆయన బాధగా, పెద్దమనిషి తరహాగా అన్నారు. "నువ్వేమీ మనసులో పెట్టుకోకు. రేపు వచ్చాక నేను కూర్చోబెట్టి మాట్లాడతాను. నీకు క్షమాపణ చెప్పమంటాను."

"మీరేం మాట్లాడక్కర్లేదు" అన్నాను. "అది నన్ను అంటుంది, నేను దాన్ని అంటాను. మధ్యలో మీకెందుకు?"